ఎండ వేరు, వెలుతురు వేరు

ఇంగ్లీషు వాళ్ళు లైట్ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటారు గానీ, మనకి ఎండ వేరు, వెలుతురు వేరు. ఎండలో నిలబడితే మాడు పగిలిపోతుంది. వెలుతురులో కూర్చుని బియ్యంలో రాళ్ళేరుకుంటాం, పేపరు చదువుకుంటాం. సూదిలో దారం ఎక్కిస్తూ "ఇక్కడ వెలుతురు చాలట్లేదే, వాకిట్లోకి పద" అంటుంది అమ్మమ్మ. అంతేగానీ ఎండ చాలట్లేదు అనదు కదా.

పని మీద ఊరూరా తిరిగే ఉద్యోగం నాది. శనివారాలు కెమెరా పట్టుకుని భవనాల చుట్టూ తిరగడం అలవాటైంది. మొత్తం భవనం కాదు, ముక్కలు. ఒక మెట్టు అంచు, రెండు గోడలు కలిసే మూల, కిటికీ పక్కన మసకబారే నీడ. ఇలాంటివి తీసే వాళ్ళు ఎవరైనా చివరికి ఒక ఆర్కిటెక్టు దగ్గర ఆగిపోతారు. ఆయన లూయిస్ కాన్. ఎండని పట్టి వెలుతురుగా మార్చడమే ఆయన వృత్తి అనిపిస్తుంది నాకు.

కాన్ 1901లో ఎస్టోనియాలో పుట్టాడు. అప్పటికి అది రష్యా సామ్రాజ్యంలో ముక్క. మూడేళ్ళ వయసులో నిప్పుకణికల మెరుపు చూసి ముచ్చటపడి వాటిని ఒళ్ళోకి తీసుకున్నాడట. మంట ఎగసి ముఖం కాలింది. ఆ మచ్చలు చివరిదాకా ఉండిపోయాయి. 1906లో ఆ కుటుంబం ఫిలడెల్ఫియా చేరింది. బీదతనం. కుర్రవాడు మూకీ సినిమాలకి పియానో వాయించి చదువుకున్నాడు. యాభయ్యో పడిలో పడేదాకా ఆయన కట్టినవాటిలో ఇవాళ జనం వెతుక్కుంటూ వెళ్ళి చూసేవి దాదాపు లేవు. (మనలో నలభై దాటినవాళ్ళకి ఇది కాస్త ఊరట!)

మలుపు ప్రయాణాల్లోనే వచ్చింది. 1950-51లో రోములోని అమెరికన్ అకాడెమీలో ఉండటానికి వెళ్ళి, అక్కణ్ణుంచి గ్రీసు, ఈజిప్టు తిరిగాడు. చేతిలో పాస్టెల్ రంగులు. కర్ణాక్ స్తంభాలు, పిరమిడ్లు, ఏథెన్స్ అక్రోపోలిస్ గీసుకున్నాడు. ఆ బొమ్మల అచ్చుప్రతులు చూడండి, రాయి కన్నా నీడే బరువుగా ఉంటుంది. మనం సెకనులో రెండొందల యాభయ్యో వంతులో బటన్ నొక్కి ముందుకి పోతాం. గీసేవాడికి ఆ సౌకర్యం లేదు. కూర్చున్న గంటలో నీడ జరుగుతుంది. ఏ నీడని నిలబెట్టాలో వాడే తేల్చుకోవాలి.

అసలు సంగతి మాత్రం ఆఫ్రికాలో బోధపడింది. అంగోలా రాజధాని లువాండాలో అమెరికా కాన్సులేటు కట్టమని 1959లో ఆయనకి పని అప్పగించారు. చూడటానికి వెళ్ళాడు. అక్కడ ఎండ కళ్ళు చిట్లించేంత. కిటికీ పక్కన కూర్చున్నా సుఖం లేదు. గది చీకటి, కిటికీ భగ్గుమంటూ ఉంటుంది, మధ్యలో కన్ను నలిగిపోతుంది. అయితే కొంతమంది గోడకి ఎదురుగా కూర్చుని పని చేసుకోవడం గమనించాడు. ఆ గోడ మీద ఎండ పడి, మెత్తబడి వాళ్ళ దగ్గరికి వస్తోంది. అదీ కిటుకు. కిటికీకి కాస్త ఎడంగా బయట ఇంకో గోడ కట్టాలి. దానికి చట్రాలూ గాజులూ ఉండవు, పెద్ద ఖాళీలు మాత్రమే ఉంటాయి. ఎండ ఆ బయటి గోడతో తలపడి అలిసిపోయి లోపలికి వెలుతురుగా వస్తుంది. పైకప్పులు కూడా రెండు: వానకి ఒకటి, దాని పైన ఎండకి ఒకటి.

వేసవిలో ఇంటిముందు తాటాకు పందిరి వేసుకునే వాళ్ళకి ఇందులో వింతేముంది అంటారా? నిజమే. మండువా లోగిలిలో పెరిగినవాళ్ళకి అసలే లేదు. నడిమి ఆకాశంలోంచి పడిన ఎండ నేలని తాకి, గోడల్ని తాకి, వసారా దాటి గదిలోకి వచ్చేసరికి చల్లబడి ఉంటుంది. కాన్ కొత్తగా కనిపెట్టింది ఏమీ లేకపోవచ్చు. కాంక్రీటు, గాజు, ఏసీ వచ్చాక ప్రపంచం మర్చిపోయినదాన్ని కాంక్రీటుతోనే మళ్ళీ చేసి చూపించాడు. లువాండా కాన్సులేటు మాత్రం కట్టనేలేదు. ఆ ఆలోచన వేరే ఊళ్ళలో తేలింది.

వాటిలో నాకు బాగా నచ్చింది టెక్సస్ రాష్ట్రం, ఫోర్ట్ వర్త్‌లోని కింబెల్ ఆర్ట్ మ్యూజియం. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు. చుట్టాలొస్తే కెనెడీని కాల్చిన చోటు చూపించి తీసుకొచ్చేస్తారు. పక్క ఊళ్ళో ఉన్న దీన్ని చూపించరు. మ్యూజియం సొంత బొమ్మలు చూడటానికి టికెట్టు కూడా లేదండీ బాబూ.

మ్యూజియానికి ఎండ శత్రువు. రంగులు వెలిసిపోతాయి. అందుకే చాలా మ్యూజియాలు కిటికీలు మూసేసి దీపాలతో కాలక్షేపం చేస్తాయి. కింబెల్ మొదటి డైరెక్టరు రిచర్డ్ బ్రౌన్ మాత్రం సహజమైన వెలుతురే కావాలన్నాడు. 1966లో పని కాన్‌కి వచ్చింది, 1972 అక్టోబరులో తలుపులు తెరిచారు. పక్కపక్కన పదహారు పొడుగాటి కమానులు, ఒక్కొక్కటీ 100 అడుగుల పొడుగు, సుమారు 23 అడుగుల వెడల్పు. కమాను వంపు అర్ధచంద్రం కాదు. బండి చక్రం అంచున సున్నపు చుక్క పెట్టి దొర్లిస్తే ఆ చుక్క గాల్లో గీసే గీత ఉంటుంది చూశారా, అది. లెక్కల్లో సైక్లాయిడ్ అంటారు. అర్ధవృత్తం కన్నా అణిగి ఉంటుంది కాబట్టి గుళ్ళో ఉన్నట్టు కాకుండా ఇంట్లో ఉన్నట్టు ఉంటుంది.

విడ్డూరం ఏమిటంటే కమానుకి ప్రాణం లాంటి నడినెత్తినే నిలువునా చీల్చేశాడు. మామూలు కమాను అయితే కూలిపోతుంది. ఇవి నిజానికి కమానులు కావు, లోపల ఉక్కు తీగలు లాగి బిగించిన దూలాలు. నాలుగు మూలల్లో నాలుగు స్తంభాల మీద నిలబడతాయి. ఈ లెక్క కట్టిన ఇంజనీరు ఆగస్ట్ కొమెండాంట్ కూడా ఎస్టోనియా వాడే. చివరి గోడకీ కమానుకీ మధ్య విల్లులా వంగిన సన్నటి గాజు పట్టీ ఉంటుంది. ఈ గోడ నన్ను మొయ్యట్లేదు సుమా అని కప్పు మనతో చెప్పడానికన్నట్టు!

ఆ చీలికలోంచి టెక్సస్ ఎండ తిన్నగా బొమ్మల మీద పడితే కొంప మునుగుతుంది. అందుకని చీలిక కింద పక్షి రెక్కల్లా వంగిన అల్యూమినియం రేకులు వేలాడదీశారు. సన్నటి చిల్లులున్న రేకు. ఎండ వాటి మీద పడి, వెనక్కి ఎగిరి, కాంక్రీటు కప్పు కడుపుని తడిపి, అక్కణ్ణుంచి కిందికి జారుతుంది. రేకు వంపుని దీపాల నిపుణుడు రిచర్డ్ కెల్లీ కంప్యూటరు లెక్కలతో తేల్పించాడు. 1970 ప్రాంతపు కంప్యూటర్లు ఎలా ఉండేవో తెలిసిన మా వృత్తివాళ్ళు ఒక నమస్కారం పెట్టాల్సిన చోటు ఇది. ఇంకో చిన్న విషయం. బొమ్మలున్న చోట రేకు నడిభాగంలో చిల్లులుండవు, బొమ్మలు లేని హాల్లో అయితే మొత్తం చిల్లులే. అక్కడ తలెత్తి చూస్తే రేకులోంచి మబ్బు పోవడం లీలగా తెలుస్తుంది.

కెమెరా పట్టుకుని ఆ కప్పు కింద నిలబడ్డవాళ్ళకి ఒక వింత అనుభవం ఎదురవుతుంది. కాంక్రీటు కాంక్రీటులా కనపడదు, వెండిలా ఉంటుంది. అయిదు నిమిషాల తేడాలో ఒకే చోటినుంచి నేను తీసిన రెండు ఫోటోలున్నాయి. మొదటిదాంట్లో కప్పు పాలిపోయిన నీలం, రెండోదాంట్లో గోధుమరంగు తగిలిన తెలుపు. మధ్యలో జరిగిందల్లా ఒక మబ్బు పక్కకి తప్పుకోవడమే. కెమెరాలో వైట్ బ్యాలెన్సుని ఆటోలో పెడితే ఈ తేడాని తుడిచేసి రెంటినీ ఒకేలా చూపిస్తుంది. కాన్ కట్టినదేమో సరిగ్గా ఆ తేడా. అంచేత ఇలాంటి చోట్ల ఆటో తీసేసి పగటి వెలుగు దగ్గర బిగించెయ్యండి.

ఇదే మనిషి కాలిఫోర్నియాలో లా హోయా దగ్గర సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో పూర్తిగా తిరగబడ్డాడు. 1965 నాటి ఆ భవనాల మధ్య చెట్లు వేద్దామనుకున్నారు. మెక్సికో ఆర్కిటెక్టు లూయిస్ బరగాన్ వచ్చి చూసి, ఒక్క ఆకు కూడా వద్దు, ఆకాశానికి ముఖంలా వదిలెయ్యండి అన్నాడు. ఒట్టి రాతి నేల, మధ్యలో సముద్రం వైపు పారే సన్నటి నీటి కాలవ. విషువత్తు రోజుల్లో సూర్యుడు ఆ కాలవ గీత మీదే అస్తమిస్తాడు. అందరూ ఆ ఫోటోకే ఎగబడతారు. నాకైతే పక్క గోడల మీద అచ్చుపలకల గుర్తులూ, ఆ చిన్న గుండ్రటి గుంటలూ సాయంత్రం ఏటవాలు ఎండలో లేచి నిలబడటం ఎక్కువ ఇష్టం. కాంక్రీటు పోసినప్పటి మచ్చల్ని చెరపకుండా వదిలెయ్యమన్నాడాయన.

ఇక అహ్మదాబాదు. బాలకృష్ణ దోషి చొరవతో 1962లో కాన్ ఐఐఎం కట్టడానికి వచ్చాడు. లువాండాలో కట్టలేకపోయింది ఇక్కడ ఇటుకతో కట్టాడు. పెద్ద పెద్ద గుండ్రటి ఖాళీలు, వాటిని బిగించి పట్టుకునే కాంక్రీటు పట్టీలు, వాటి వెనక లోతైన వరండాలు. మే నెల ఎండ ఎర్రటి ఇటుక మీద పడి, వరండాలో మగ్గి, గది దాకా వచ్చేసరికి చదువుకోవడానికి పనికొచ్చే వెలుతురు అవుతుంది. అహ్మదాబాదు నుంచి తిరిగి వెళుతూనే 1974 మార్చి 17న న్యూయార్కు పెన్ స్టేషన్లో గుండె ఆగి చనిపోయాడు. ఆయన ఎవరో ఇంటివాళ్ళకి తెలియడానికి రెండు రోజులు పట్టింది. ఢాకాలో ఆయన మొదలెట్టిన పార్లమెంటు భవనం 1982కి గానీ పూర్తి కాలేదు.

ఐఐఎంలో కాన్ గీసిన హాస్టళ్ళు పద్దెనిమిది. వాటిలో పద్నాలుగు పడగొడతామని 2020 డిసెంబరులో సంస్థ ప్రకటించింది. ప్రపంచం నలుమూలల్నుంచి ఆర్కిటెక్టులు గగ్గోలు పెట్టారు. 2021 జనవరి 1న వెనక్కి తగ్గింది. 2022 నవంబరులో మళ్ళీ, కొన్నిటిని బాగుచెయ్యడం కన్నా తిరిగి కట్టడమే మేలన్నది. వాళ్ళ బాధా అబద్ధం కాదు. ఇటుక నాణ్యత అంతంతమాత్రం, తేమ, పగుళ్ళు, పైగా 2001 భూకంపం. కారే కప్పు కింద పిల్లల్ని పడుకోమని అమెరికాలో కూర్చుని నేను చెప్పడం సబబు కాదు. కానీ అదే ప్రాంగణంలో లైబ్రరీని బాగుచేస్తే 2019లో యునెస్కో అవార్డు వచ్చిందిగా!

ఈ గొడవల్లో బయటి ముఖం అలాగే ఉంచి లోపల కొత్తగా కట్టే ఆలోచన కూడా వినపడింది. నాకు దడ పుట్టించింది అదే. గుండ్రటి ఖాళీ ముఖం కాదు. దాని వెనక ఎన్ని అడుగుల లోతు ఉందన్నదే లెక్క. లోతు తగ్గిస్తే గదులు పెద్దవవుతాయి, ఏసీ పెట్టుకోవచ్చు. బయటినుంచి తీసిన ఫోటోలో ఏ తేడా తెలియదు. ఎండ మాత్రం తిన్నగా మంచం మీదికి వచ్చి కూర్చుంటుంది.

అందుకే ఎవరైనా అటు వెళితే, అనుమతి తీసుకుని, బయట పచ్చికలో నిలబడి తీసే ఫోటో మానెయ్యండి. అవి కోకొల్లలు. లోపలికి వెళ్ళి రెండు గోడల మధ్య నిలబడండి. సాయంత్రం నాలుగింటికి మొదటి గోడ నారింజ రంగులో మండుతూ ఉంటుంది, రెండోది గులాబీ రేకులా ఉంటుంది. రెండూ ఒక్క ఫ్రేములో వచ్చేలా తియ్యండి. పక్కన ఒక మనిషిని కూడా నిలబెట్టండి, లోతు ఎంతో కొలత తెలుస్తుంది.