వీథిబడిలోని బోధనావిద్య

శాస్త్రజ్ఞానము గలవానికి బోధనాభ్యాసము వేఱుగా వలయునా యను వివాదము ట్రెయినింగు కాలేజీలతోడనే పుట్టినదని పలువురు తలంతురు గాని, మన వీథిబడుల చరిత్ర నించుక పరికించినచో నచట నీ ప్రశ్న తలక్రిందులై కానవచ్చును: బోధించు నేర్పు పంతులకు గలదు, బోధించు విషయమే యాయనకు సరిగా దెలియదు.

1823లో బళ్లారి కలెక్టరు క్యాంబెల్, తెలుగునకు వ్యాకరణము వ్రాసిన దొర, గవర్నరు మన్రో కోరికపై తన జిల్లాలో 533 బడులును, వానిలో 6,641 మంది విద్యార్థులును గలరని నివేదించి, యంతటితో దృప్తినొందక బడిలోని తంతు నెల్ల వర్ణించెను. అయిదవయేట గణపతిపూజ జరిపి, బియ్యములో దేవుని నామము వ్రేలితో వ్రాయించి, పిదప నిసుకలో నక్షరములు దిద్దించెడివారు. ప్రొద్దున దొలుత వచ్చిన బాలుని యరచేత సరస్వతీనామము, రెండవవాని చేత సున్న, మూడవవానికి మెల్లగా నొక దెబ్బ, నాల్గవవానికి రెండు. కడపట వచ్చినవాని గతి యూహించుకొనవలసినదే! పెద్దపిల్లలు పిన్నలకు పాఠము చెప్పుట యా బడికి మూలాధారము; చదువుకొన్న యేండ్లే బోధన నభ్యసించిన యేండ్లును గావున, అందుండి వెడలి పంతులైనవానికి వేఱొక శిక్షణతో బనిలేదు.

అంతకు పూర్వమే, 1789లో చెన్నపట్టణపు టెగ్మూరులో ననాథబాలుర యాశ్రమమునకు బెద్దయైన ఆండ్రూ బెల్, నాటుబడి పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి తన యుపాధ్యాయుల నట్లే చేయుడనగా, వారది యసాధ్యమనిరి. ఆయన ఎనిమిదేండ్ల విద్యార్థి జాన్ ఫ్రిస్కెన్‌కు అక్షరములు నేర్పు తరగతి నప్పగించెను. ఉపాధ్యాయులు కాదన్నది బాలుడు సాధించెను. పిల్లలే పిల్లలకు బోధించు నా విధానమే 'మద్రాసు పద్ధతి' యను పేర నింగ్లండున కేగినది.

అయినను వీథిబడిని నెత్తిన బెట్టుకొని పొగడుట న్యాయము గాదు. వాడుకభాషకు మిక్కిలి దూరమైన పద్యములను బిల్లలు చిలుకలవలె వల్లించుచుండిరనియు, పంతులకే వాని యర్థము దెలియదనియు క్యాంబెల్ వ్రాసెను. అర్థ మెఱిగిన పండితుడు వీథిబడి యరుగుమీద నేల కూర్చుండలేదు? నెలకు ఆఱేడు రూపాయలకు మించని రాబడికి యోగ్యులు రారని మన్రో 1826లో స్పష్టముగా జెప్పి, ఉపాధ్యాయులకు చెన్నపట్టణమున శిక్షణతోబాటు, తాలూకాబడి పంతులకు తొమ్మిది, జిల్లాబడి పంతులకు పదునైదు రూపాయల జీతమును సర్కారే యియ్యవలెనని ప్రతిపాదించెను. శిక్షణను జీతమును ఆయన విడదీయలేదు. మరుసటి యేడు పత్తికొండలో కలరాచే నాయన మరణించెను. ఆ ప్రతిపాదనపై వెలసిన తాలూకాబడులు 1836లో మూతపడినవి.