మచ్చుకత్తి, ముళ్ళకంచె

మేము ఈ ఇల్లు కొన్నప్పుడు పెరటి హద్దు మీది ముళ్ళకంచె నా భుజాల ఎత్తు ఉండేది. లెస్టర్ ఊరి బయట, ఒకప్పటి పొలాల్లో కట్టిన ఇళ్ళ వరసలో మాది చివరి ఇల్లు. మొదటి రెండేళ్ళు కరెంటు ట్రిమ్మర్‌తో కంచెని పైనా పక్కలా నున్నగా గీకేశాను. తర్వాత పాప పుట్టింది, కంచె సంగతి మర్చిపోయాం. కిందటి అక్టోబరులో చూస్తే అది నా తల దాటి ఇంకో మూడడుగులు పోయింది. పైన గుబురు, కింద మోకాలెత్తు దాకా ఉత్త మోళ్ళు. ఆ సందుల్లోంచి పక్కింటివాళ్ళ కుక్క దర్జాగా మా పెరట్లోకి వచ్చి పోతోంది.

"పీకించేసి చెక్కలు పాతిద్దాం," అంది మా ఆవిడ. పాప ముళ్ళ మీద పడుతుందని ఆమె భయం. న్యాయమైన భయమే. నేను మాత్రం ముందు సరైన పనిముట్లు కొని ఒక ప్రయత్నం చేస్తానన్నాను.

పనిముట్ల షాపులో లెక్క తేలిగ్గానే అర్థమైంది. బొటనవేలి లావు కొమ్మల వరకు సెకటేర్లు చాలు. అంతకంటే లావైతే పొడుగు పిడుల లాపర్లు. అవీ తెంపలేకపోతే రంపం. కత్తెరల్లో మళ్ళీ రెండు రకాలు: రెండు అలుగులు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోయేది పచ్చి కొమ్మకి, ఒకే అలుగు దిమ్మ మీద పడేది ఎండు కొమ్మకి. పచ్చి కొమ్మని దిమ్మ మీద పెట్టి నొక్కితే తెగడం కంటే నలగడం ఎక్కువ. ఇక ట్రిమ్మర్ ఆ ఏడు వేసిన లేత రెమ్మలకే పనికొస్తుంది. ముదురు కొమ్మ తగిలితే పళ్ళ మధ్య ఇరుక్కుని మూలుగుతుంది. ఈ సెకటేరు కనిపెట్టినవాడిగా చెప్పే బెర్త్రాఁ ద మోల్విల్ పదహారో లూయీ దగ్గర నౌకాదళ మంత్రిగా చేసినవాడు. విప్లవం వచ్చాక ఇంగ్లండుకి పారిపోయి తలకాయ దక్కించుకున్నాడు. కత్తి కింద తల పెట్టాల్సినవాడు కొమ్మలు కత్తిరించే సాధనంతో చరిత్రలో మిగలడం చిత్రమే.

షెల్ఫు చివర ఇంకొకటి వేలాడుతోంది. పొట్టి చెక్క పిడి, చిలకముక్కులా కొస వంగిన బరువైన అలుగు. చీటీ మీద 'బిల్‌హుక్' అని ఉంది. నాకైతే అది మా తాతయ్య మచ్చుకత్తి. కనిగిరి వైపు మా ఊళ్ళో చేనికి కంప వేసేటప్పుడు ఆయన చేతిలో ఉండేది ఇలాంటిదే. పంగలకర్రతో తుమ్మకంపని తొక్కిపట్టడం, మచ్చుకత్తితో నరకడం, అందని కొమ్మకి దోటి వెయ్యడం. అయితే ఒక తేడా ఉంది. మా చేను చుట్టూ ఉన్నది ఎండు కంప. ఏడాది తిరిగేసరికి పుచ్చిపోతుంది, మళ్ళీ కొట్టుకొచ్చి వెయ్యాలి. ఇక్కడిది వేళ్ళున్న కంచె.

మా కంచెలో ఉన్నది హాథార్న్. దాన్ని ఇక్కడివాళ్ళు క్విక్‌థార్న్ అని కూడా అంటారు. చెట్టు తొందరగా పెరుగుతుందని ఆ పేరు పెట్టారనుకున్నాను. తీరా చూస్తే పాత ఇంగ్లీషులో 'క్విక్' అంటే ప్రాణమున్నది అని అర్థమట. క్విక్‌సెట్ కంచె అంటే బతికున్న మొక్కలు నాటి పెంచిన కంచె. మాట అర్థం ప్రాణం నుంచి వేగానికి ఎలా జారిందో, కంచెని చూసుకునే పద్ధతీ అలాగే జారిందని ఈ చలికాలంలో తెలిసొచ్చింది.

అసలు ఇంత కంచె ఎందుకు నాటారు? ఇంగ్లండు పల్లెల్లో చాలాచోట్ల పొలాలు గట్లు లేకుండా పెద్ద పెద్ద చెలకలుగా ఉండేవి. వాటి పక్కన ఉమ్మడి బీడు. ఆవుని మేపుకోవడం, పుల్లలు ఏరుకోవడం లాంటి హక్కులు పల్లె జనానికి ఉండేవి. 1604 నుంచి 1914 మధ్య పార్లమెంటు 5,200కి పైగా ఎన్‌క్లోజర్ చట్టాలు చేసి దాదాపు 68 లక్షల ఎకరాలని విడివిడి కమతాలుగా కోసేసింది. ఎవరి వాటాకి వాళ్ళే సొంత ఖర్చుతో కంచె వేసుకోవాలి. ఆ ఖర్చు భరించలేక చిన్న రైతులు చాలామంది వాటా అమ్ముకున్నారు. వాటా అంటూ కాగితం లేని కూలివాడికి ఆవు మేసే చోటే పోయింది. లెస్టర్ చుట్టుపక్కల మనం చూసి మురిసిపోయే తిన్నని కంచెల వరసలు చాలావరకు ఆ కాలం గీతలే.

జాన్ క్లేర్ అనే కవి ఇక్కడికి తూర్పున హెల్ప్‌స్టన్ అనే పల్లెలో 1793లో పుట్టాడు. వ్యవసాయ కూలీ కొడుకు. 1809 నాటి చట్టంతో వాళ్ళ ఊరి బీడుకీ కంచె పడింది. ఆ నష్టం గురించి ఇంగ్లీషులో ఆయన రాసినంత కడుపుమంటతో రాసినవాళ్ళు తక్కువ. ఆ కంచెలు వేసే ముఠాల్లో ఆయనా కూలికి పోయాడు. కొన్ని కొలువుల్లో నేను రాసిన కోడ్ ఎవరి ఉద్యోగం తీసేసిందో నాకు తెలుసు కాబట్టి, క్లేర్ జీవితంలో ఈ ఒక్క వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

మాక్స్ హూపర్ అనే పరిశోధకుడు కంచె వయసు కట్టడానికి ఒక మోటు లెక్క చెప్పాడు: 30 గజాల పొడవులో ఎన్ని రకాల చెట్లుంటే సుమారు అన్ని వందల ఏళ్ళు. అన్నిచోట్లా కుదరదు కానీ ఒక అంచనాకి పనికొస్తుంది. మా కంచెలో హాథార్న్, ఎల్డర్ రెండే దొరికాయి. అంటే 200 ఏళ్ళ చిల్లర. క్లేర్ కాలమే.

ఇలాంటి కంచెని ఎలా బతికించారో బిల్‌హుక్ చెబుతుంది. చలికాలంలో, చెట్టు నిద్రలో ఉండగా, కాండాన్ని నేలకి దగ్గరగా ఏటవాలుగా నరుకుతారు. పూర్తిగా నరకరు. ఒక పక్క బెరడు, దాని లోపలి పల్చటి చెక్క పొర మిగిల్చి, కాండాన్ని పక్కకి వాలుస్తారు. ఆ సన్నటి నాలిక గుండా నీరు ఎక్కుతూనే ఉంటుంది. వాలిన కాండం బతుకుతుంది, నరికిన మొదట్లోంచి కొత్త చిగుళ్ళు లేస్తాయి. మధ్యమధ్య గుంజలు పాతి, పైన హేజెల్ బరికెలతో జడలా అల్లుతారు. జూలియస్ సీజర్ క్రీ.పూ. 57లో బెల్జియం ప్రాంతపు నెర్వీ తెగవాళ్ళు లేత చెట్లని ఇలా వంచి కట్టిన కంచెల్లోంచి తన సైన్యానికి దారి దొరకలేదని రాసుకున్నాడు. ఇంగ్లండులో జిల్లాకో వాలు, జిల్లాకో రకం బిల్‌హుక్. లెస్టర్ వైపు ఎద్దులు రుద్దుకున్నా కదలనంత గట్టిగా అల్లాలి.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ట్రాక్టరుకి తగిలించే యంత్రాలొచ్చాయి. మైళ్ళ కొద్దీ కంచెని ఒక్క రోజులో గొరిగేస్తాయి. వాటికి ఎన్నో రోజుల కూలి మిగులుతుంది, అది కాదనలేం. కానీ ఏటా ఒకే ఎత్తులో గొరిగితే కొమ్మలన్నీ పైనే చిక్కబడి, కింద వెలుతురు లేక మోడుబారుతుంది. ట్రాక్టరు పొలాల్లో చేసినదాన్నే నేను మా పెరట్లో ప్లగ్గు పెట్టి చేశాను. దాన్ని గోడ అనుకున్నాను కాబట్టి గోడకి తగిన సాధనం పట్టుకున్నాను.

ఇంగ్లండులో బీడు మీద పడ్డ ముళ్ళకంచె మన దేశంలో ఉప్పు మీద పడింది. పన్ను కట్టని ఉప్పు దాటకుండా 1869 నాటికి సింధు నది వైపు నుంచి మహానది దాకా 2,300 మైళ్ళ కస్టమ్స్ సరిహద్దు, దానికి సుమారు 12,000 మంది కాపలా. మొదట ఎండు కంప వేశారు. చెదలు, నిప్పు, గాలివాన దాన్ని నిలవనివ్వలేదు. 1867లో ఆ శాఖకి వచ్చిన ఏ. ఓ. హ్యూమ్, తర్వాత కాంగ్రెసు పుట్టుకలో ముందు నిలిచిన మనిషే, బతికిన కంచె మీద పట్టుబట్టాడు. తుమ్మ, రేగు, వాక, నాగజెముడు, ఏ నేలకి ఏది పడితే అది నాటించాడు. కంచే చేను మేసిన కథ అక్షరాలా ఇది. 1879లో ఆ సరిహద్దు ఎత్తేశాక కంచెని పట్టించుకున్న నాథుడు లేడు. రాయ్ మాక్సమ్ అనే రచయిత 1990లలో దాని జాడ కోసం తిరిగితే దొరికింది బహు కొంచెం. ఆయన పుస్తకం 2001లో వచ్చింది. ఆ కంచె పోయినందుకు నాకు బాధ లేదు.

మరి మా పెరటి కంచె పోతే ఎందుకు బాధ? అదీ జనం నోటి దగ్గర కూడు లాక్కోడానికి వేసిందేగా? ఈ ప్రశ్నకి పక్కింటి పెద్దాయన దగ్గర ఒక జవాబు దొరికింది. మొదటి ఏడు మే నెలలో నేను ట్రిమ్మర్ పట్టుకొస్తే ఆయనే ఆపారు. "లోపల గూడుంది చూడు" అన్నారు. పిల్లలున్న గూటిని కావాలని పాడుచెయ్యడం 1981 చట్టం ప్రకారం నేరమని కూడా చెప్పారు. కంచె వేసినవాళ్ళ ఉద్దేశం వాళ్ళతోనే పోయింది. రెండు వందల ఏళ్ళుగా అందులో కాపురముంటున్న పిట్టలకి ఆ పాపంతో సంబంధం లేదు.

జనవరిలో ఆ పెద్దాయన పక్కన నిలబడి చూపిస్తుంటే నాలుగు మీటర్ల కంచె వాల్చాను. మొదటి రెండు కాండాలు పూర్తిగా తెగిపోయాయి. మూడోదానికి నాలిక నిలిచింది. మిగతా కంచెని లాపర్లతో, రంపంతో ఛాతీ ఎత్తుకి దించాను. ఇకమీదట దాన్ని కింద వెడల్పుగా, పైకి పోను సన్నగా ఉంచాలి, మొదళ్ళకి ఎండ తగలాలి. పాప కోసం మా వైపు రెండడుగుల ఎడంగా తక్కువ ఎత్తు దడి కట్టాం. ఏప్రిల్ చివరిదాకా చూసి అప్పుడు చెక్కల సంగతి తేలుద్దామంది మా ఆవిడ.

ఏప్రిల్ రెండో వారంలో పాప "ఆకు, ఆకు" అని అరిస్తే వెళ్ళి చూశాం. నరికిన మొదట్లో, నేలకి జానెడు ఎత్తులో, ఎర్రటి చిగుళ్ళు ఏడు. నేను పాడుచేసిన రెండు మొదళ్ళలోనూ ఉన్నాయి. కుక్క మాత్రం ఇంకా వస్తూనే ఉంది.