172233: అకౌంట్ లేకుండా నెట్

డేటా అయిపోతే పక్కనోడి హాట్‌స్పాట్ అడుగుతాం కదా? దానికి తాతలాంటి నంబర్ ఒకటుండేది: 172233.

1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది. అది పెద్ద నగరాల ముచ్చట. అమృతలూరులో నెట్ అంటే చాలా ఏళ్ల తర్వాత, బీఎస్ఎన్ఎల్ ల్యాండ్‌లైన్ మీదే. ఆ 172233కి డయల్ చేస్తే అకౌంట్ అక్కర్లేదు. మీ ఫోన్ నంబరే అకౌంట్, ఛార్జీ ఫోన్ బిల్లులో పడేది. స్పీడ్ మహా అయితే 56 కేబీపీఎస్. 3 ఎంబీ పాటకి ఏడు నిమిషాల పైనే! అంతసేపూ ఫోన్ ఎంగేజ్. బిల్లేమో నాన్న పేరు మీద, ఇంక దాచేదేముంది?

కంప్యూటర్ లేనోళ్లు తెనాలి బస్సెక్కాల్సిందే. నా ఎంసెట్ ర్యాంక్ అక్కడి నెట్ సెంటర్లోనే చూశా. అసలు నాకన్నా ముందు నా వెనక నిలబడ్డోళ్లు చదివేశారు. 2011 రూల్స్ ప్రకారం ఐడీ చూపించాలి, ఎవరొచ్చారో ఏడాదిపాటు రికార్డు ఉంచాలి. క్యాబిన్ గోడ కూడా నాలుగున్నర అడుగులు దాటకూడదు!

2016లో గూగుల్, రైల్‌టెల్ కలిసి విజయవాడ స్టేషన్లో ఫ్రీ వైఫై పెట్టాయి. బిల్లు లేదు, రిజిస్టర్ లేదు. కానీ ఓటీపీకి మొబైల్ నంబర్ కావాలి. అంటే కనెక్షన్ లేకుండా నెట్ దొరికింది గానీ, పేరో నంబరో ఇవ్వకుండా ఎప్పుడూ దొరకలేదు. సొంత సిమ్ లేని చెల్లి ఇప్పటికీ ఓటీపీ కోసం అన్న ఫోన్ అడగాల్సిందే. ఎందుకని అడక్కుండా అన్న ఇస్తాడా మరి?