రంగం టేకు, గోదారి వడ్రంగం, నా బాల్కనీ

మొన్న దసరాకి ఊరెళ్ళినప్పుడు మా అమ్మమ్మగారి ఇల్లు అమ్మేస్తున్నారని తెలిసింది. ఇల్లంటే స్థలం కాదండోయ్, స్థలం మావయ్యలు ఎప్పుడో పంచేసుకున్నారు. అమ్ముతున్నది ఇంట్లో కర్ర. మండువా చుట్టూ ఉన్న స్తంభాలు, దూలాలు, ద్వారబంధాలు, తలుపులు.. మొత్తం విప్పి లారీకెత్తుకుపోవడానికి ఒకాయన బేరం కుదుర్చుకున్నాడు. కోనసీమలో ఇలాంటి బేరాలు కొత్తేం కాదు. ఆ తలుపులు ఏ హైదరాబాదులోనో బెంగుళూరులోనో రెస్టారెంటు గోడకి అలంకారాలైపోతాయి. మనం వెళ్ళి వాటి పక్కన ఫోటో దిగి, ఉప్మాకి మూడొందలిచ్చి వస్తాం :)

మామూలుగా అయితే అయ్యో పాపం అనుకుని బస్సెక్కేసేవాణ్ణే. కానీ 2020 లాక్‌డౌన్‌లో నాకు వడ్రంగం పిచ్చి పట్టుకుంది. ఆన్‌లైన్‌లో కొన్న పుస్తకాల అలమర ఒక్క వానాకాలానికే ఉబ్బి, అరలు అప్పడాల్లా వంగాయి. విప్పి చూస్తే లోపల రంపప్పొట్టు, జిగురు. కోపంతో ఒక రంపం, రెండు ఉలులు, ఒక చిత్రిక కొన్నాను. యూట్యూబులో ఒక జపాన్ తాతగారు, ఒక అమెరికన్ మావయ్య నా గురువులు. మూడేళ్ళలో ఒక స్టూలు, ఒక పీట, కాస్త వంకరగా ఒక చెక్కపెట్టె చేశాను. అందుకని ఈసారి ఆ తలుపుల్ని చూసే చూపే మారిపోయింది.

వీధి తలుపు రెక్కకి ఎక్కడా ఇనుప మేకు లేదు. నిలువు చెక్కకి బెజ్జం, అడ్డ చెక్కకి కుసి, రెండూ కలిశాక అడ్డంగా ఒక చెక్క మేకు. మధ్యలో పలక గాడిలో ఊరికే కూర్చుని ఉంటుంది, జిగురు కూడా పెట్టరు. ఎందుకంటే కర్ర పొడవునా దాదాపు మారదు గానీ అడ్డంగా మాత్రం తేమకి ఉబ్బి, ఎండకి కుంచించుకుపోతుంది. పలకని బిగించేస్తే ఏదో ఒక వేసవిలో నెర్రె ఇస్తుంది, గాడిలో వదిలేస్తే దాని ఊపిరి అది పీల్చుకుంటుంది. మన భాషలో చెప్పాలంటే లూజ్ కప్లింగ్ అన్నమాట. ఇది నేను ఆ అమెరికన్ మావయ్య దగ్గర నాలుగు వీడియోలు చూసి నేర్చుకున్నాను. మా అమ్మమ్మగారి తలుపు నేను పుట్టక ముందునుంచీ అక్కడే ఉంది!

"ఇదెక్కడి కర్రండీ?" అని మా ఊరి ఆచారిగారిని అడిగా. ఆయనకి డెబ్భై దాటాయి. గోరుతో గీకి, వాసన చూసి, "రంగం టేకండి బాబూ, ఇప్పుడు దొరకదు" అన్నారు.

రంగం అంటే రంగూన్. డెల్టాలో కొబ్బరి, తాడి, మామిడి, వేప, తుమ్మ ఉంటాయి గానీ ఇంత పొడుగు దూలాలకి పనికొచ్చే టేకు అడవి లేదు. టేకు కావాలంటే రెండే దారులు. గోదారి మీదుగా కొండల నుంచి, లేదా సముద్రం మీదుగా బర్మా నుంచి. మన మండువా ఇళ్ళ చరిత్ర తలుపు చెక్కడాల్లో కన్నా ఈ రెండు దారుల్లోనే ఎక్కువుందని నాకనిపిస్తుంది.

ముందు కొండల దారి. పాపికొండల అవతల నుంచి దుంగల్ని తెప్పలుగా కట్టి నీళ్ళలో వదిలితే రాజమండ్రి చేరేవి. పచ్చి టేకు నీళ్ళలో సరిగ్గా తేలదు. బర్మాలో అయితే చెట్టు చుట్టూ బెరడు వలిచి, రెండు మూడేళ్ళు నిలబెట్టే ఎండనిచ్చి, అప్పుడు నరికేవాళ్ళు. ఈ కలపని నమ్ముకుని డెల్టాలో ముందు పెరిగింది ఇళ్ళు కాదు, ఓడలు. 1670ల్లో ఈ తీరమంతా తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు, నరసాపురంలో మంచి కలప, మంచి ఇనుము, పనివాళ్ళు దొరుకుతారనీ, ఇంగ్లీషు వర్తకులు ఏటేటా అక్కడ ఓడలు కట్టించుకుంటారనీ రాశాడు. తర్వాత ఆ పని తూర్పున కోరంగి, తాళ్ళరేవుల్లోనూ సాగింది. కోరంగిని 1789లోనూ 1839లోనూ ఉప్పెనలు ముంచేశాయి. 'సైక్లోన్' అన్న మాట పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ పరిశీలించిన తుఫానుల్లో ఈ కోరంగి ఉప్పెన కూడా ఉంది. తర్వాత మేట వేసిన ఇసుక మిగతా పని పూర్తిచేసింది, వర్తకం కాకినాడకి పోయింది. తాళ్ళరేవు వైపు చెక్క పడవలు కట్టడం మాత్రం మన తరం దాకా నిలిచింది.

ఇళ్ళ కథ మొదలయ్యేది కాటన్ దొర దగ్గర. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. రాయీ సున్నం గురించి అందరూ చెప్తారు. కానీ కాలవల్లో లాకు తలుపులూ పడవలూ అంటే వడ్రంగం పని కూడా బోలెడు. ధవళేశ్వరంలో దానికోసం వర్క్‌షాపే నడిచింది. నీళ్ళొచ్చాయి, వరి పండింది, డబ్బొచ్చింది. డబ్బొచ్చిన రైతు ముందు ఇల్లు కట్టాడు. సరిగ్గా ఆ 1852లోనే ఇంగ్లీషువాళ్ళు రెండో బర్మా యుద్ధంలో రంగూన్ పట్టుకున్నారు. కాకినాడ నుంచి మనుషులు రంగూన్‌కి, అక్కడినుంచి టేకు మన తీరానికి. అక్కడి రేవుల్లో, మిల్లుల్లో కూలికెళ్ళిన తెలుగువాళ్ళని బర్మా వాళ్ళు 'కోరంగీలు' అనేవారు. ఊరు మునిగిపోయినా పేరు సముద్రం దాటింది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె తర్వాత వాళ్ళ మీద దాడులు జరిగాయి, చాలామంది చచ్చిపోయారు. 1942లో జపాన్ సైన్యం వచ్చాక వేలాదిమంది అడవుల మీదుగా నడిచొచ్చారు. రంగం టేకు రాక కూడా దాంతో దెబ్బతింది.

కొండల వైపు కథా అంత హాయిగా లేదు. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి సర్కారుదైపోయింది, పోడు మీద ఆంక్షలు బిగిశాయి. 1922-24లో అల్లూరి పోరాటానికి ఉన్న కారణాల్లో అదొకటి. 'మా తాతల నాటి తలుపులు' అని మనం మురిసిపోయేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోకపోతే ఎలా?

మరి ఆ తలుపులు చేసినవాళ్ళు? ఆచారిగారి నాన్నగారికి ఊళ్ళో జీతం లేదు, మేర ఉండేది. నాగళ్ళు, బళ్ళు బాగుచేసినందుకు కోతలప్పుడు కల్లంలో రైతు కొలిచిచ్చే ధాన్యం అది. నాగలికి తుమ్మ, తలుపుకి టేకు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయ వృత్తి పదకోశం తెచ్చినప్పుడు నాగలి భాగాలకి ఎన్ని ఊళ్ళో అన్ని పేర్లు పోగయ్యాయి. ఆ భాగాలన్నీ చెక్కింది వడ్రంగే. ట్రాక్టర్ వచ్చాక నాగలి పోయింది, నాగలితో మేర పోయింది. 1959లో ఫెవికాల్ వచ్చాక వజ్రం కాచే పొయ్యి ఆరిపోయింది (వజ్రం అంటే రత్నం కాదు, జంతువుల చర్మం, ఎముకలు కాచి చేసే జిగురు. ఆ కంపు గురించి ఆచారిగారు చెప్తుంటే నాకు ఫెవికాల్ మీద గౌరవం పెరిగింది). తర్వాత ప్లైవుడ్డు, ఆ తర్వాత మాడ్యులర్ కిచెన్లు. వాళ్ళబ్బాయి ఇప్పుడు హైదరాబాదులో కంప్యూటర్‌తో బోర్డులు కోసే మిషన్ మీద పనిచేస్తున్నాడు.

"మీ నాన్నగారు ఇన్ని తలుపులు చేశారు కదా, మీ ఇంటికి ఎలాంటిది పెట్టుకున్నారు?" అన్నాను.

"మాది తాటాకిల్లండి. దానికి టేకు తలుపెందుకు బాబూ, తడికె ఉండేది" అని నవ్వేశారు. నాకు నవ్వు రాలేదు.

నేను ముప్ఫై వేలకి కొన్న పనిముట్ల ఫోటోలు ఫోన్‌లో చూపించాను, కొంచెం గొప్పగానే. ఆయన అన్నీ చూసి, "ఉలి బానే ఉందండి. సాన పట్టడం వచ్చా?" అని అడిగారు. వచ్చన్నాను. వాళ్ళింట్లో ఉలి ఇచ్చి పట్టమన్నారు. పట్టాను. అంచు చూసి, ఏమీ అనకుండా, ఆయనే మళ్ళీ మొదట్నుంచి పట్టారు. అరగంట పట్టింది. మూడేళ్ళ యూట్యూబులో రానిది ఆ అరగంటలో చేతికి కొంత ఎక్కింది. ముఖ్యంగా, నేను మణికట్టుతో రుద్దుతున్నాననీ ఆయన భుజంతో రుద్దుతున్నారనీ.

ఇంటికొచ్చి పెద్దమావయ్యని అడిగా, తలుపులైనా ఉంచేద్దాం అని. "ఉంచి ఎక్కడ పెడతావురా, మీ అపార్టుమెంట్లోనా? చెదలు పట్టాక ఎవడు కొంటాడు?" అన్నాడు. ఆయన మాటా తప్పు కాదు. ఆ ఇంట్లో ఉంటున్నది ఆయన, వానొస్తే గిన్నెలు పెట్టేది అత్తయ్య. ఏడాదికి రెండుసార్లొచ్చి ఫోటోలు తీసుకునే నాకు వారసత్వం గురించి ఉపన్యాసమిచ్చే హక్కు ఎంతుందో నాకే తెలీలేదు. చివరికి బేరగాడిచ్చే రేటు నేనే ఇచ్చి దొడ్డితలుపు రెక్క ఒకటి కొన్నాను. సొంత మావయ్య దగ్గర, డబ్బులిచ్చి! అత్తయ్య మాత్రం పూతరేకులు ఊరికే ఇచ్చింది.

మిగతావన్నీ దీపావళి లోపే లారీ ఎక్కాయి. నా రెక్క ఇప్పుడు మియాపూర్‌లో మా బాల్కనీ గోడకి ఆనించి ఉంది. దించేటప్పుడు కింద కుసి ఒకటి విరిగింది. కొత్త ముక్క టేకుతో అతకాలా, తుమ్మతోనా అని ఆచారిగారికి ఫోన్ చేశాను. "ఏదీ ముట్టుకోకండి, సంక్రాంతికి తీసుకురండి" అన్నారు. బస్సువాడు డిక్కీలో వేసుకోనంటున్నాడు.