ఎముకల పాఠం మన దగ్గరికి రావడానికి 176 ఏళ్లు



మెడిసిన్ సీటొచ్చిన మన పిల్లలు మొదటి ఏడాది ఎక్కువ భయపడేది అనాటమీకే. అది తెలివి తక్కువై వచ్చిన భయం కాదు. దాని వెనుక చరిత్ర ఉంది.

నిజాం రాజ్యంలో 1846ల హైదరాబాద్ మెడికల్ స్కూల్ మొదలైంది. అదే ఇప్పటి ఉస్మానియా మెడికల్ కాలేజీ. మొదట్ల పాఠం ఉర్దూల చెప్పేవాళ్లు, 1880ల కాలంలో ఇంగ్లీషుకు మారింది. ఆ రెండింట్ల ఏదీ మన గూడేల, తండాల ఇంటి భాష కాదు.

జగిత్యాలల 2022 నవంబర్‌లో, సిరిసిల్లల 2023 సెప్టెంబర్‌లో సర్కారు మెడికల్ కాలేజీలు మొదలైనయి. కోరుట్లల పశువైద్య కళాశాల అంతకు ముందు నుంచే ఉంది. 2022లనే రాష్ట్రంలో ఎస్టీ రిజర్వేషన్ 6 నుంచి 10 శాతానికి పెరిగింది. కాలేజీ దగ్గరికొచ్చింది, సీటూ దగ్గరికొచ్చింది. పుస్తకం మాత్రం ఇంకా దూరంగనే ఉంది.

తెలుగు మీడియం చదివితే సరిపోతదా అంటే అదీ లేదు. మోచేతి కింది రెండు ఎముకలను బడి పుస్తకం రత్ని, అరత్ని అంది. కాలేజీల అవే రేడియస్, అల్నా. ఇంట్ల ఈ మాటలు ఎవరూ అనరు. కానీ మేకను కోసినప్పుడు కార్జం, తిల్లి, ఊపిరితిత్తులు ఎక్కడుంటయో మనకు చిన్నప్పటి నుంచి ఎరుకే. పాఠం అక్కడి నుంచి మొదలుపెడితే సగం భయం పోతది.

1858ల లండన్‌లో వచ్చిన గ్రే అనాటమీకి బొమ్మలు గీసిన హెన్రీ వాండైక్ కార్టర్, భాగాల పేర్లను ఆ భాగాల మీదనే రాసిండు. అప్పటి చాలా పుస్తకాల్ల బొమ్మ మీద అక్షరం ఒకచోట, పేరు ఇంకోచోట ఉండేది. 1994ల అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం ఒక మనిషి దేహాన్ని మిల్లీమీటరు మందం పొరలుగా ఫొటోలు తీయించి కంప్యూటర్‌లోకి ఎక్కించింది. 2019 నుంచి వాటిని వాడుకోవడానికి లైసెన్సు కూడా అక్కర్లేదు. అంటే బొమ్మలకు కొదువ లేదు, కొదువంతా చెప్పే తీరులనే.

అందుకే సీనియర్లం డిజిటల్ నోట్సు చేసేటప్పుడు కొన్ని సంగతులు మరవొద్దు. పేరు భాగం మీదనే ఉండాలె. పరీక్ష ఇంగ్లీషులనే కాబట్టి స్పెల్లింగ్, పక్కన ఇంటి మాట రెండూ ఉండాలె. ధమని ఎరుపు, సిర నీలం అని రంగు మీదనే వదిలెయ్యొద్దు. రంగులు గుర్తుపట్టలేనోళ్లు ఉంటరు, గీత తీరు కూడా మార్చాలె. చూపు తక్కువున్నోళ్లకు ఫోన్ చదివి వినిపించేటట్టు ప్రతి బొమ్మ కింద మాటల్ల వర్ణన రాయాలె. ఆడియో చిన్న ఫైలుగ ఉండాలె, సిగ్నల్ ఉన్నకాడ దించుకొని తండాల వినేటట్టు.

ఆ బెంచీల మీద కూర్చొని భయపడ్డోళ్లం మనమే రాయకపోతే ఇంకెవరు రాస్తరు? మొదటి పాఠం చేతి ఎముకలతోనే మొదలుపెడదాం. గోర్ బోలిల, గోండిల, మీ ఇంటి మాటల వాటిని ఏమంటరో ఇయ్యాల్నే అమ్మనో తాతనో అడిగి రాసి పెట్టుకోండి.