పోటీదారుడికి కిటుకు చెప్పొచ్చా? గోదారి గట్టు మీద మొదలైన ఒక చర్చ



సంక్రాంతికి ఊరొచ్చిన మన కుర్రాళ్ళలో ఒకడు, సాయంత్రం గోదారి గట్టు మీద కూర్చున్నప్పుడు ఒక సంగతి చెప్పాడు. వాడికి చెన్నైలో ఉద్యోగం. పాత మారుతి ఎస్టీమ్ ఒకటి కొనుక్కున్నాడు. జీతంలో మిగిలిందంతా దాని మీదే పోసి, సెలవు రోజుల్లో ట్రాక్ మీద పోటీలకు వెళ్తుంటాడు. కప్పులకీ డబ్బులకీ కాదు, సరదాకే. ఒకసారి పోటీకి ముందు అదే రకం కారు నడిపే ఇంకొకాయన వచ్చి, "తమ్ముడూ, నీ బండి మలుపులో అంత బాగా ఎలా తిరుగుతోంది? వెనక టైర్లలో ఎంత గాలి పెట్టావు?" అని అడిగాడట. మనవాడు దాచకుండా మొత్తం చెప్పేశాడు. ఆ రోజు ఆయనే వీడికన్నా ముందు వచ్చాడు.

ఇది విని వాళ్ళ నాన్నగారు ఊరుకోలేదు. "ఒరేయ్, కొట్టు పెట్టుకున్నవాడు ఎవడైనా ఎదురు కొట్టువాడికి కొన్న ధర చెప్తాడా?" అన్నారు. కుర్రాడు మెల్లగా, "పొద్దున నా క్లచ్ కేబుల్ తెగితే తన దగ్గరున్నది తీసి ఇచ్చింది ఆయనే నాన్నా" అన్నాడు. "కేబుల్ వేరు, కిటుకు వేరు" అని ఆయన జవాబు. సంఘం వాళ్ళం కూడా అక్కడికక్కడే రెండు జట్లయిపోయాం. వివరంగా రాస్తామని ఆ రోజు మాటిచ్చాం. ఇదిగో, ఆ బాకీ తీరుస్తున్నాం.

ముందు ఈ కిటుకు అనేదేమిటో చూద్దాం. రేసులో ఇంజను బలం ఒక్కటే చాలదు. టైర్లలో గాలి ఎంత, చక్రం నిలువుగా ఉందా కాస్త లోపలికి వాలిందా, ముందు చక్రాలు రెండూ సమాంతరంగా ఉన్నాయా, స్ప్రింగులు ఎంత గట్టివి, ఏ గేరు ఎంత దూరం లాగుతుంది, ఇవన్నీ కలిస్తే ఒక కారు తీరు. ఎస్టీమ్ లాంటి కారును ముందు చక్రాలే లాగుతాయి, అవే తిప్పుతాయి. వేగంగా మలుపు తీసుకుంటే అవి మొరాయించి కారు బయటికి జారిపోతుంది. వెనక టైర్లలో గాలి కొంచెం పెంచితే వెనక భాగం పట్టు కాస్త తగ్గి, కారు త్వరగా తిరుగుతుంది. చాలామంది చేసే పనే. అయితే ట్రాక్ మీద టైరు వేడెక్కే కొద్దీ లోపలి ఒత్తిడి పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు కొలిచిన అంకె, నాలుగు చుట్లు తిరిగొచ్చాక ఉండే అంకె ఒకటి కావు. కాబట్టి అంకె ఒక్కటే చెప్తే అవతలివాడికి దక్కేది సగమే. ఆ అంకెకు ఎలా వచ్చామో చెప్తేనే అసలు విద్య చేతికొస్తుంది.

ఇక చరిత్ర. మన ఊరి మీద ఫ్రెంచి జెండా ఎగిరే రోజుల్లోనే ఫ్రాన్సులో మోటారు పందేలు పుట్టాయి. 1894లో పారిస్ నుంచి రువాన్ దాకా ఒక పత్రిక పెట్టిన పోటీతో మొదలై, 1906లో లె మాన్ దగ్గర మొదటి గ్రాండ్ ప్రి దాకా వచ్చాయి. ఆ గ్రాండ్ ప్రి రెండు రోజులు సాగింది. 103 కిలోమీటర్ల చుట్టు, మొత్తం 12 చుట్లు. ఎండకు, రాళ్ళకు టైర్లు పేలిపోయేవి. పాత టైరు కోసి తీసి కొత్తది ఎక్కించడానికి పావుగంట దాకా పట్టేది. మిషెలిన్ కంపెనీ టైరుతో సహా ఊడదీసి మార్చే రిమ్ము తెచ్చింది. దాంతో ఆ పని కొద్ది నిమిషాల్లో అయ్యేది. ఆ రిమ్ములు వాడిన రెనో కారు మీద ఫెరెంట్స్ సీస్ గెలిచాడు. కానీ అవే రిమ్ములు పోటీలో ఉన్న ఫియట్‌కూ దొరికాయి. అది రెండో స్థానంలో నిలిచింది. మిషెలిన్‌కు ఎవరు గెలిచినా తన సరుకు నిలబడాలి, అందుకని ఇద్దరికీ అమ్మింది. అది వ్యాపారం. మన కుర్రాడి సంగతికి దగ్గరగా రావాలంటే సరదాకి పరిగెత్తేవాళ్ళ దగ్గరికి పోవాలి.

వాళ్ళు ఇంగ్లండులో దొరుకుతారు. ఆస్టిన్ సెవెన్ అని 1922లో వచ్చిన చిన్న కారు. దాని ఇంజను 747 సీసీలు. మామూలు జీతగాళ్ళు కూడా కొనుక్కోగలిగిన బండి. 1939లో ఆ కారంటే ఇష్టమున్నవాళ్ళు 750 మోటార్ క్లబ్ పెట్టుకున్నారు. యుద్ధం అయ్యాక, తుక్కు కింద దొరికే పాత ఆస్టిన్లను విప్పి, పైరేకు పీకేసి, ఇంటి వెనక షెడ్డులో రేసు కారుగా మార్చుకునేవాళ్ళు పెరిగారు. వాళ్ళ కోసం 750 ఫార్ములా అని నియమాలు రాశారు. ఆ క్లబ్బుకు ప్రాణంగా నిలిచిన హాలండ్ బర్కెట్ వృత్తికి పశువుల డాక్టరు. సభ్యులు కలుసుకునేవారు, క్లబ్బు పత్రికలో తమ అనుభవాలు రాసేవారు. వాల్వు ఎలా అమర్చాలి, స్ప్రింగు ఎలా వంచాలి, ఏ భాగం ఎక్కడ విరుగుతుంది, ఇలాంటివే ఎక్కువ. చదివేవాడు వచ్చే ఆదివారం పోటీలో తన పక్కనే నిలబడతాడని రాసినవాడికి తెలుసు. తెలిసే రాశాడు. అక్కడ ఎవరి దగ్గరా డబ్బు లేదు. పదిమందికి తెలిసింది ఒకచోట చేరితే తప్ప ఎవరి కారూ కదలని పరిస్థితి.

ఆ క్లబ్బులోకే కాలిన్ చాప్‌మన్ అనే కుర్ర ఇంజనీరు వచ్చాడు. 1951లో లోటస్ మార్క్ త్రీ అనే కారు కట్టాడు. ఆస్టిన్ ఇంజనులో నాలుగు సిలిండర్లకు గాలీ పెట్రోలూ లోపలికి పోయే దారులు రెండే. రెండేసి సిలిండర్లు ఒక్కో దారిని పంచుకోవాలి. ఒకటి పీలుస్తుంటే రెండోదానికి కరువు. మన కాలవ కింద రెండు చేలకు ఒకటే తూము ఉన్నట్టు. చాప్‌మన్ ఆ దారి మధ్యలో అడ్డుగోడలు పెట్టి, నాలుగింటికి నాలుగు దారులున్నట్టు చేశాడు. నియమాల్లో ఎక్కడా తప్పు లేదు. ఆ ఏడాది అతని కారును పట్టుకోవడం మిగతావాళ్ళ వల్ల కాలేదు. తర్వాత క్లబ్బు ఆ మార్పు కుదరదని నియమం తెచ్చింది.

ఈ కథను మా రెండు జట్లూ తమ వైపుకే లాక్కున్నాయి. "చూశారా, కిటుకు తన దగ్గరే ఉంచుకున్నవాడే గెలిచాడు" అని ఒక జట్టు. "చూశారా, ఒక్కడే గెలిచే పందెం ఎక్కువకాలం నిలవదు" అని రెండో జట్టు. మాకు ముఖ్యంగా తోచింది ఆ తర్వాత జరిగిన సంగతి. 1952లో చాప్‌మన్ లోటస్ ఇంజనీరింగ్ అనే కంపెనీ పెట్టాడు. మార్క్ సిక్స్ అనే కారు భాగాలను, కొన్నవాళ్ళే బిగించుకునేలా, అమ్మడం మొదలుపెట్టాడు. కొన్నదెవరు? తనలాగే సరదాకి రేసులాడేవాళ్ళే. అంటే నిన్న ఓడించినవాళ్ళకే ఇవాళ కారు అమ్మాడు. అదే లోటస్ తర్వాత ఫార్ములా వన్‌లో 7 సార్లు కన్‌స్ట్రక్టర్ ఛాంపియన్ అయింది. రహస్యంతో గెలిచింది కొంతకాలమే. ఆ పేరు నిలబడింది మాత్రం ఎదుటివాళ్ళ చేతికి మంచి కారు ఇచ్చాకనే.

ఇప్పుడు మన వైపు వద్దాం. 1953లో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఏర్పడింది. మద్రాసుకు ఉత్తరాన షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉంటే దాని మీదే పోటీలు పెట్టేవారు. అప్పట్లో మన దేశంలో దొరికే కార్లు అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్, ఆ మూడు నాలుగే. విదేశీ కారు తెచ్చుకోవాలంటే దిగుమతి ఆంక్షలు. స్థోమత ఉన్నవాడు బయటి నుంచి రేసు కారు తెప్పించుకుంటే, లేనివాడు ఇంట్లో ఉన్న ఫియట్‌నే సానపట్టేవాడు. ఇద్దరికీ పోటీ ఏముంటుంది?

ఈ ముడి విప్పినవాడు కోయంబత్తూరుకు చెందిన సుందరం కరివర్ధన్. లక్ష్మీ మిల్స్ కుటుంబం వాళ్ళు. ఆ మిల్లు స్థాపించినది కుప్పుస్వామి నాయుడు గారు. తరాల క్రితం తమిళదేశానికి వెళ్ళి, ఇళ్ళల్లో ఇప్పటికీ తెలుగు మాట్లాడుకునే నాయుళ్ళు వాళ్ళు. 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి ఒకే ఒక్క బస్సుతో మొదలుపెట్టిన జి.డి. నాయుడు గారిదీ ఆ ఊరే. కరివర్ధన్ స్వయంగా రేసర్. కావాలనుకుంటే తనకొక్కడికి మంచి కారు కట్టుకుని ఏటా కప్పు పట్టుకుపోవచ్చు. అలా చేయలేదు. మారుతి 800 ఇంజనుతో, ఖర్చు తక్కువలో, ఒకే రకంగా ఉండే ఒంటి సీటు రేసు కారు తయారుచేశాడు. ఒకటి కాదు, వరసగా చాలా. 1980ల చివరి నుంచి ఫార్ములా మారుతి పేరుతో అవి పరిగెత్తాయి. మన దేశంలో కుర్రాళ్ళకు తొలిసారి ఒకే రకం కార్లలో తలపడే అవకాశం వచ్చింది. 1990లో చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాక్ కూడా వచ్చింది.

కోయంబత్తూరు కుర్రాడు నరేన్ కార్తికేయన్ మొదటి పందెం ఆ ఫార్ములా మారుతిలోనే. మొదటి పందెంలోనే మొదటి ముగ్గురిలో నిలిచాడు. 2005లో జోర్డాన్ జట్టు కారులో ఫార్ములా వన్ ఆడిన తొలి భారతీయుడయ్యాడు. అది చూడడానికి కరివర్ధన్ లేడు. 1995లో చిన్న విమానం కూలి పోయాడు. ఆయన పేరున 2003లో కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే వెలిసింది.

ఇక్కడ నాన్నగారి మాటలోనూ బలం ఉందని ఒప్పుకోవాలి. కార్లన్నీ ఒకటే అయినప్పుడు మిగిలేది నడిపే చెయ్యి, పైన చెప్పిన ఆ అమరిక. అంటే కిటుకు విలువ ఇంకా పెరుగుతుంది. రాత్రిళ్ళు మేలుకుని, సొంత డబ్బుతో టైర్లు అరగదీసి కనిపెట్టినదాన్ని ఒక్క ప్రశ్నకు ఇచ్చేయమనడం న్యాయం కాదు. ఇవ్వనివాణ్ణి తప్పుపట్టలేం.

కానీ ఒక్క విషయంలో దాపరికం కుదరదు. ప్రాణాలకు సంబంధించినది. చక్రం బోల్టు వదులవుతోందనో, ఈ రకం కారులో ఫలానా చోట పగులు వస్తోందనో తెలిస్తే ఆ క్షణంలో చెప్పాలి. దీనికి మనకు వేరే ఉదాహరణ అక్కర్లేదు. 1994-95లో రొయ్యల చెరువులను తెల్లమచ్చ తెగులు తుడిచిపెట్టిన సంగతి మన వైపు అందరికీ తెలుసు. తెగులు తగిలిన చెరువు నీళ్ళు గుట్టుగా కాలవలోకి వదిలితే, పక్క చెరువు పోతుంది. పక్కవాడు మన పోటీదారే కావచ్చు, కాలవ మాత్రం ఇద్దరిదీ.

చివరగా మా సొంత మాట. మా చిన్నప్పుడు అంబాసిడర్లు బాగుచేసే ఒక మేస్త్రీ ఉండేవాడు. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. కార్బొరేటర్ మీద చెయ్యి వేసే ముందు మాత్రం, పని నేర్చుకునే కుర్రాళ్ళను టీ తెమ్మని పంపేసేవాడు. వాళ్ళు తిరిగొచ్చేసరికి బండి పిల్లిలా మూలుగుతూ ఉండేది. ఆయన పోయాడు. ఆ చెవి, ఆ చెయ్యి ఆయనతోనే పోయాయి. ఆ టీలు తెచ్చిన కుర్రాళ్ళలో ఇద్దరు ఇవాళ మా మధ్యే ఉన్నారు. "ఒక్కసారి చూడనిచ్చి ఉంటే బాగుండేది" అని ఇప్పటికీ అంటారు. ఆయన్ని తప్పుపట్టడం లేదు, నలుగురు పిల్లల్ని ఆ విద్యతోనే సాకాడు. నష్టం మాత్రం ఊరిది.

అందుకని కుర్రాడికి మేము చెప్పింది ఇది. నువ్వు చేసింది తప్పు కాదు. పదిహేను కార్లు వచ్చే పోటీలో ఇద్దరు విసుగెత్తి మానేస్తే మిగిలేది పదమూడు, ఇంకో ఏడాదికి పోటీయే ఉండదు. నీ కొత్త ప్రయోగం ఈ ఏడాదికి దాచుకో, వచ్చే ఏడాది చెప్పు. చెప్పినప్పుడు అంకె కాదు, దారి చెప్పు. ఈసారి ఆయన దగ్గరికి నువ్వే వెళ్ళి, బ్రేకులు ఎక్కడ వేస్తున్నారో అడుగు.

నాన్నగారు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. "వాడు చెప్తాడో లేదో చూద్దాం" అన్నారు. మేమూ చూస్తున్నాం.

మన ఊళ్ళో, చుట్టుపక్కల పాత మేస్త్రీల దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఉంటే, మీకు గుర్తున్నది నాలుగు ముక్కలు రాసి పంపండి. సంఘం తరఫున ఒకచోట పోగుచేసి ఉంచుతాం.