టాన్ గారి 380, నా నాలుగో వారం

జిమ్‌లో నెలకో ప్రోగ్రాం మార్చే మహానుభావుణ్ణి నేను. అలాంటివాడికి టాన్ హౌ లియాంగ్ కథ చదివితే కాస్త సిగ్గేస్తుంది.

1933లో చైనాలో పుట్టి, చిన్నప్పుడే సింగపూరు వచ్చేసినాయన. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో తొమ్మిదో స్థానం. నాలుగేళ్ళు అదే పని పట్టుకుని, 1960లో రోమ్‌లో 67.5 కిలోల తరగతిలో మొత్తం 380 కిలోలెత్తి రజతం తెచ్చారు. ఒలింపిక్స్‌లో సింగపూరుకి అదే మొదటి పతకం. రెండోదానికి 2008 దాకా ఆగాల్సొచ్చింది! 2024 డిసెంబరులో, 91 ఏళ్ళ వయసులో పోయారు.

ఆ 380 చూసి మొదట నేను తికమకపడ్డాను. 2000లో సిడ్నీలో మన సిక్కోలు అమ్మాయి కరణం మల్లీశ్వరి 69 కిలోల తరగతిలో కాంస్యం గెలిచింది 240తో కదా. ఆడా మగా తేడా సరే, మరీ ఇంతా?

అసలు సంగతేంటంటే, టాన్ కాలంలో లిఫ్టులు మూడు: ప్రెస్, స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్. ప్రెస్ అంటే భుజాల దగ్గరున్న బార్‌ని కాళ్ళ ఊపు లేకుండా పైకి నెట్టడం. రాన్రానూ లిఫ్టర్లు నడుం వెనక్కి విరిచేసి నెట్టడం మొదలెట్టారు. ఏది ఫౌలో తేల్చలేక జడ్జీలు తలలు పట్టుకున్నారు. 1972 మ్యూనిక్ తర్వాత ప్రెస్ తీసేశారు. దాంతో లిఫ్టర్ల సాధన తీరే మారింది. మల్లీశ్వరి 240 అంటే స్నాచ్‌లో 110, జెర్క్‌లో 130, అంతే.

ఏం ఎత్తాలో తేలితేనే ఏ ప్రోగ్రామో తేలుతుంది. నేనేమో అది తేల్చుకోకుండానే నాలుగు ప్రోగ్రాములు మార్చాను. ఇప్పుడు స్క్వాటూ, డెడ్‌లిఫ్టూ, ప్రెస్సూ పెట్టుకున్నాను, పన్నెండు వారాలకి. ఇది నాలుగోది.